అప్‌డేట్: 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ పోయించలేదు

పోయిన నెల అడిగాను కదా, మా 2019 పెట్రోల్ కారుకి మెకానిక్ "విజయవాడ ఎండలకి చిక్కటి ఆయిలే మంచిది సార్, 20డబ్ల్యూ-50 పోసేద్దాం" అంటున్నాడు, సరేనా అని. పోయించలేదు. డ్యాష్‌బోర్డు అరలో పాత ఇన్సూరెన్స్ కాగితాల కింద మాన్యువల్ దొరికింది. అందులో 0డబ్ల్యూ-20 అని స్పష్టంగా ఉంది. మీలో ఒకరు చెప్పింది అప్పుడు బుర్రకెక్కింది: ముందు అంకె చలిలో స్టార్ట్ చేస్తే ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, వెనక అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో. బయట ఎండ 45 ఉన్నా ఇంజిన్ వేడిని అదుపులో పెట్టడానికి థర్మోస్టాట్, రేడియేటర్ ఉన్నాయి కదా!

ఆదివారం ఫిల్టర్‌తో సహా మార్పించాను. పాతది నల్లగా తారులా కారింది. పాత ఆయిల్ కారడానికి విప్పే డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేయమంటే మెకానిక్ మొహం చిట్లించాడు గానీ వేశాడు. ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలయ్యాక ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీతకి కాస్త కింద ఉంది. చాలు.

ఆయిల్ మార్చడానికి మాన్యువల్ లెక్క 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. నా ఆఫీసేమో 4 కిలోమీటర్లే, ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే వచ్చేస్తుంది. ఇలాంటి పొట్టి ట్రిప్పుల్ని అందులో కఠిన వాడకం కింద రాశారు, అంటే ఆయిల్ ఇంకా ముందే మార్చాలి. అందుకని ఇక ఉగాదికోసారి, దసరాకోసారి మార్పించేస్తా.