జ్వరంలో సీరం జింక్ తగ్గింది: మాత్ర మొదలుపెట్టాలా, ఆగాలా?

కృష్ణాతీరం: మా నాన్నగారు న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నారు. సీరం జింక్ (రక్తంలోని జింక్ కొలత) 52 వచ్చింది. 70 పైన ఉండాలని రిపోర్టులోనే ఉంది. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఎంతుందో చూపే సీఆర్‌పీ 140. డాక్టరుగారేమో ఇప్పుడు ఆ జింక్ అంకెను పట్టించుకోవద్దన్నారు. లోపం అంత స్పష్టంగా కనబడుతుంటే మాత్ర ఎందుకు వద్దు? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

బయోకెమ్ లలిత: డాక్టరుగారి మాటే సరైనదండి. ఒంట్లో మొత్తం జింక్ 2–3 గ్రాములు ఉంటుంది. ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో తిరిగేది అందులో నూరో వంతు కూడా కాదు. ఆ కాస్త చోటు మారినా రిపోర్టులో అంకె పడిపోతుంది. ఇన్ఫెక్షన్ రాగానే రోగనిరోధక కణాలు ఐఎల్-6 అనే సంకేతాన్ని వదులుతాయి. దాంతో కాలేయ కణాల పొర మీద జిప్14 అనే ప్రొటీన్ పెరిగి, రక్తంలోని జింక్‌ను లోపలికి లాగుతుంది. లోపల మెటలోథయోనిన్ అనే మరో ప్రొటీన్ దాన్ని పట్టి ఉంచుతుంది. కొన్ని గంటల్లోనే మొదలయ్యే పని ఇది. పెద్ద ఆపరేషన్ తర్వాత కూడా ఇలాగే పడిపోతుంది. పైగా రక్తంలో జింక్‌ను ఎక్కువగా మోసే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా వాపు (ఇన్‌ఫ్లమేషన్) సమయంలో తగ్గుతుంది. ఇక ఇన్ఫెక్షన్ ఉన్నచోట న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్‌ను వదిలి, సూక్ష్మజీవులకు జింక్ దొరక్కుండా చేస్తాయి. శరీరం కావాలని దాచుకున్నదాన్ని లోపం అని ఎలా అంటాం?

పల్లె డాక్టర్: లలితగారూ, మీరు చెప్పిన విధానం నిజమే. కానీ దాన్ని పట్టుకుని అసలు లోపాన్ని కొట్టిపారేయకండి. ఏళ్లుగా తెల్లన్నం, చారుతో సరిపెట్టుకునే పెద్దవాళ్లను రోజూ చూస్తున్నాను. జబ్బు రాకముందే వాళ్లకు జింక్ తక్కువగా ఉండొచ్చు. జింక్ లేని తిండి పెట్టిన ఎలుకలకు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం) వస్తే ఎక్కువగా చనిపోయాయి. పిల్లల విరేచనాలకు 10–14 రోజులు జింక్ ఇవ్వమని డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి కదా!

బయోకెమ్ లలిత: అక్కడ పేగుల్లోంచి జింక్ నిజంగానే పోతోంది. ఆ సలహా రక్తంలో అంకె చూసి ఇచ్చింది కాదు, జింక్ ఇచ్చిన పిల్లలకు విరేచనాలు త్వరగా తగ్గాయని పరీక్షించి చూసి ఇచ్చింది. కాలిన గాయాలవాళ్ల సంగతీ అంతే, జింక్ బయటికే పోతుంది. న్యుమోనియాలో ఉన్న జింకే చోటు మారుతోంది. కోవిడ్‌లో మనవాళ్లు జింక్ మాత్రలు ఎంతగా మింగారో గుర్తుందా? అమెరికాలో ఇంటి దగ్గరే ఉన్న 214 మంది కోవిడ్ రోగుల మీద జరిగిన ప్రయోగంలో కొందరికి 50 మిల్లీగ్రాముల జింక్ 10 రోజులు ఇచ్చారు. లక్షణాలు చెప్పుకోదగ్గంత త్వరగా తగ్గలేదు, మధ్యలోనే ఆపేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. పెద్ద డోసులు నెలల తరబడి వాడితే రాగి తగ్గి రక్తహీనత, కాళ్లలో తిమ్మిరి రావచ్చు.

పల్లె డాక్టర్: పెద్ద డోసుల విషయంలో మీతోనే ఉన్నాను. కానీ బాగా నీరసించిన ముసలాయనకు తిండికి సరిపడా మోతాదు ఇస్తే నష్టమేముంది? నేనైతే ఇస్తాను.

బయోకెమ్ లలిత: తిండికి సరిపడా అయితే నాకూ పేచీ లేదు, అదీ వాళ్ల డాక్టరుగారు ఒప్పుకుంటేనే. నా గొడవంతా ఆ 52ను చూసి 50 మిల్లీగ్రాములు వేయడం గురించే.

కృష్ణాతీరం: అయితే మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించమంటారు?

బయోకెమ్ లలిత: సీఆర్‌పీ మామూలు స్థాయికి దిగాక, పొద్దున్నే పరగడుపున ఇప్పించండి. ఖనిజాల పరీక్షకు వాడే ముదురు నీలం మూత ట్యూబే అడగండి, మామూలు ట్యూబు రబ్బరు మూతలోంచి జింక్ కలిసి అంకె పెరగొచ్చు. ఎర్రకణాల్లోనూ జింక్ ఎక్కువే, కాబట్టి అవి చితికి సీరం ఎర్రగా కనిపిస్తే మళ్లీ రక్తం తీయమనండి.