ఆదివారమైతే సెయిలింగ్ అని చెన్నైకి పోతున్నా, ఇంట్లో కుదరడం లేదు. మీరెట్లా నెట్టుకొస్తున్నారు?

గాలివాటం (తిరుపతి):

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకోండి. నాకు 39. సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నా, సరదాకి మొదలుపెట్టింది కాస్తా పిచ్చిగా ముదిరింది. నడిపేది ఐఎల్‌సీఏ 7, అదే ఇదివరకు లేజర్ అనేవాళ్లం, ఒక్క మనిషి నడిపే చిన్న తెరచాప పడవ, డింగీ అంటారు. రెండేళ్ల కింద బదిలీ మీద తిరుపతికి వచ్చేశాం. సొంత ఊరు కాబట్టి ఇంట్లో అందరూ సంబరపడ్డారు, నేను తప్ప. ఇక్కడ నీళ్లెక్కడ? స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనపడుతుంది.

అందుకని నెలకు రెండు ఆదివారాలు చెన్నై హార్బర్‌కు పోతా ఉన్నా. పుత్తూరు, నగరి, ఊత్తుకోట మీదుగా దగ్గర దగ్గర 140 కిలోమీటర్లు. తెల్లారకముందే బయల్దేరినా పెద్ద లాభం లేదు, అక్కడ సముద్రపు గాలి పట్టుకునేది మధ్యాహ్నానికే. రేసు అయ్యి, బోటు కడిగి, సెయిల్ చుట్టి బయటపడేసరికి చీకటి పడుతుంది. ఇల్లు చేరేసరికి పదకొండు. ఇది కాక ఏడాదికోసారి జూలైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్, ఈ ఏడాది ముంబైలో ఇంకో రెగట్టాకు, అంటే పడవ పోటీలకు కూడా పోదామని మనసులో ఉంది.

అసలు గొడవ పోయిన నెల వచ్చింది. పాపకు సాయంత్రం డాన్సు ప్రోగ్రాం, ఏడింటికి ఉంటానని మాటిచ్చా. పొద్దున పదకొండుకే రేసు మొదలవుతుంది, రెండింటికి బయల్దేరతా అని లెక్క వేసుకున్నా. గాలి లేదు. ఒడ్డున 'ఏపీ' అనే సిగ్నల్ జెండా ఎగరేశారు, ఆ ఎరుపు తెలుపు నిలువు చారలది, తెలియని వాళ్లకు చెప్తున్నా, అది పైన ఉన్నంతసేపు రేసు వాయిదా. దింపిన నిమిషానికి వార్నింగ్ సిగ్నల్, ఆ తర్వాత ఐదు నిమిషాలకు స్టార్ట్. ఎప్పుడు దింపుతారో దేవుడికి కూడా తెలీదు. మా ఆవిడ ఫోన్ చేసి ఎన్నింటికి అయిపోతుంది అంటే, ఆ జెండా దింపితే కానీ చెప్పలేను అన్నా. నిజమే చెప్పా! ఆమె ఒక్క నిమిషం ఏం మాట్లాడకుండా, "మనింటి మీద ఆ జెండా ఎగరేసి రెండేళ్లయింది" అని ఫోన్ పెట్టేసింది.

ప్రోగ్రాం పోయింది. రేసులో పదకొండో స్థానం వచ్చింది, పద్నాలుగు బోట్లలో.

ఆమె వద్దని అనదు. "పో, కానీ నన్నడగొద్దు" అంటుంది, దానికన్నా వద్దంటేనే నయం. మానేయమని మాత్రం సలహా ఇవ్వకండి, ఆరు నెలలు మానేసి చూశా, ఇంట్లో అందరి మీదా చిరాకు పడ్డా. పెళ్లాం పిల్లలు ఉండి డింగీ నడిపే వాళ్లెవరైనా ఉంటే మీరు ఎట్లా సర్దుకుంటున్నారో చెప్పండి.

చిత్తూరు ఫౌజీ:

తమ్ముడూ, నేను ఆర్మీలో ఉండగా హైదరాబాద్‌లోనే నేర్చుకున్నా, ఎంటర్‌ప్రైజ్ బోటు, ఇద్దరం నడిపేది. మీకు ఒక సుఖం ఉంది, ఒక్కరే నడిపే బోటు కాబట్టి రానంటే ఎవరికీ నష్టం లేదు. నాకు అట్లా కాదు, నేను పోకపోతే నాతో బోటు నడిపే జోడీ కూడా ఒడ్డున కూర్చోవాల. ఆ సాకుతోనే తొమ్మిదేళ్లు మా ఇంటామె మాట వినలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

నా మాటైతే ఆ నెలకు రెండు ఆదివారాలే మిమ్మల్ని తినేస్తున్నాయి, పెద్ద రెగట్టాలు కాదు. ఏడు గంటల డ్రైవింగ్ చేసి మూడు గంటలు నీళ్ల మీద ఉండేదానికన్నా, ఏడాదికి రెండో మూడో రెగట్టాలకు పోయి అక్కడ రోజూ మూడు రేసులు చేస్తే ఆట ఎక్కువ మెరుగవుతుంది. మా ఊరి నుంచి వెంకటాద్రి ఎక్కి పడుకుంటే తెల్లారి కాచిగూడలో దిగొచ్చు, మీకు నారాయణాద్రి కూడా ఉంది. బోటు లాక్కుపోయే పని లేకుండా అక్కడే క్లబ్బు బోటు అడిగి పెట్టుకోండి. పైగా జూలై అంటే ఎక్కువగా ఆషాఢం, పెళ్లిళ్లు ఉండవు, ఫలానా వాళ్ల పెళ్లికి రాలేదనే మాట పడక్కర్లేదు. ఆ ఒక్క విషయంలో ఆ పంచాంగం మనవైపే ఉంది.

మేము ఉగాది రోజు సాయంత్రం క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటాం. ముందు ఆమె రాస్తుంది, గంగమ్మ జాతర, పరీక్షలు, వాళ్ల అమ్మగారింటికి పోయే రోజులు. మిగిలిన ఖాళీల్లోనే నేను రాసుకోవాల. పోయినేడు నాకు దొరికింది రెండే. ఇంకొకటి, వచ్చిన మర్నాడు సెలవు పెట్టండి. రెగట్టా నుంచి వచ్చిన మనిషి శవంతో సమానం, తొడలు పట్టేసి ఉంటాయి, చేతులు తాడు కోసేసి ఉంటాయి, మంచం మీద పడి ఫోన్లో రిజల్ట్స్ చూస్తా ఉంటాడు. ఇంటికి వచ్చినట్టా అది?

పేరెందుకు లెండి:

నేను సెయిలింగ్ చేయను. చేసే ఆయన భార్యని, కొర్లగుంటలో ఉంటాం. మా ఆయన ఈ లింకు పంపి నవ్వుతూ చదువు అన్నాడు, నాకైతే నవ్వు రాలేదు.

అన్నా, మీరు రాసినదాంట్లో తిరుపతిలో ఉండే ఏ ఆడమనిషైనా మొదట రాసే విషయం లేదు. శని ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరు దర్శనానికి దిగుతారు. పిన్నమ్మ వాళ్లు, మీ ఆఫీసు ఆయన బావమరిది, బెంగళూరు నుంచి మీకే గుర్తులేని క్లాస్‌మేట్. మూడొందల టికెట్ ఉంటే సరి, లేకపోతే టోకెన్ల లైను ఎక్కడ, బస్సు ఎక్కడ, గుండు ఎక్కడ, లగేజీ మనింట్లో, తిరిగొచ్చాక భోజనం మనింట్లో. మీరు హార్బర్‌లో గాలి కోసం ఎదురు చూస్తూ ఉంటే ఆమె కొండ దిగే వాళ్ల కోసం అన్నం దగ్గర ఎదురు చూస్తూ ఉంటుంది. తిరుపతిలో ఆదివారం సెలవు రోజు కాదు, ఆ సంగతి ఈ ఊళ్లో పుట్టిన మీకు తెలీదా?

ఆ తర్వాత రాత్రి పదకొండుకు ఉప్పు వాసన కొడుతూ వచ్చి, తడి లైఫ్‌జాకెట్ వసారాలో తగిలించి, సోమవారం వరకు దాని కింద మడుగు కట్టించి... వద్దులే, అది మా ఇంటి సంగతి.

నేను ఆయనకు చెప్పింది ఒకటే. తొందరగా రావక్కర్లేదు, ఎప్పుడు వస్తావో నాకు తెలిస్తే చాలు. అప్పటి నుంచి ఆయన రాత్రి పది అని చెప్పి తొమ్మిదికి వస్తున్నాడు. ఏడు అని చెప్పి తొమ్మిదికి వచ్చేవాడు ఇదివరకు. మనిషి వచ్చేది అదే తొమ్మిదికి, గొడవ మాత్రం లేదు. పాప ప్రోగ్రాం ఉన్న రోజు మాత్రం పోనే పోకూడదు, గాలి ఉందా లేదా అనేది కాదు అక్కడ ప్రశ్న. మీ ఆటలో అన్నిటికన్నా చెత్త రేసు ఒకటి లెక్కలోంచి తీసేస్తారని మా ఆయన చెప్పాడు. పిల్లలు అట్లా తీసేయరు.

ఇంకోటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. మీకేం ఇష్టమో, గాలి ఎప్పుడొస్తుందో, జెండా రంగేమిటో అన్నీ రాశారు. మీ ఆవిడకు ఏం ఇష్టమో ఒక్క ముక్క లేదు.

హార్బర్ నాన్న (చెన్నై):

మాది నగరి, ఉండేది చెన్నైలో. పై అక్క చెప్పిన దాని మీద నేను చెప్పేదేం లేదు, భయమేస్తా ఉంది.

చాలామంది "ఫ్యామిలీని కూడా తీసుకుపో" అంటారు, ఆ పని మాత్రం చేయకండి. నేను చేశా. ఒడ్డు నుంచి చూస్తే ఎక్కడో దూరంగా తెల్ల త్రికోణాలు అటూ ఇటూ పోతుంటాయి, ఎవరు ముందున్నారో మాకే అర్థం కాదు. మా ఆవిడ మూడు గంటలు కాలే సిమెంటు దిమ్మె మీద బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని కూర్చుని, నేను వచ్చాక "గెలిచావా" అని కూడా అడగలేదు.

పాపకు ఇష్టముంటే అది వేరే లెక్క. చిన్నపిల్లలు ఆప్టిమిస్ట్‌తో మొదలుపెడతారు, 2.3 మీటర్ల బుల్లి బోటు, 15 ఏళ్లు నిండే సంవత్సరం దాకా అందులో పోటీ పడొచ్చు. తర్వాత ఐఎల్‌సీఏకి వస్తే మీ హల్లే, అంటే బోటు ఒళ్లే ఆమెకూ సరిపోతుంది, మాస్టు (తెరచాప కొయ్య) కింది ముక్క, సెయిల్ మారిస్తే అయిపోయె, మీది 7.06 చదరపు మీటర్ల సెయిల్, ఐఎల్‌సీఏ 4 ది 4.7. సముద్రం లేదని దిగులు పడక్కర్లేదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ 4 లో రజతం తెచ్చిన నేహా ఠాకూర్‌ది మధ్యప్రదేశ్, ఆ అమ్మాయి నేర్చుకుంది భోపాల్‌లో, చెరువు మీద.

కానీ ముందే చెప్తున్నా, దాంతో గొడవ తీరదు. నేను, పెద్దోడు పడవల్లో, చిన్నది అమ్మతో ఇంట్లో, అప్పుడు ఇల్లే రెండు జట్లయిపోయింది. ఒక ఏడాది అట్లా నడిచాక, పెద్దోడు పోటీకి పోయినప్పుడు నేను పోటీ చేయకూడదని పెట్టుకున్నాం. వాడి రెగట్టాలకు ఒకసారి నేను, ఒకసారి వాళ్లమ్మ.

గాలివాటం (తిరుపతి):

అందరికీ థ్యాంక్స్. అక్కా, కోపం రాలేదు, ఒక రోజంతా జవాబు రాయలేకపోయా.

నిన్న రాత్రి అడిగా. పెళ్లికి ముందు ఆమె స్నేహితులతో నెలకోసారి అలిపిరి మెట్ల మీద కొండకు నడిచేది, 3550 మెట్లు, తెల్లవారుజామున నాలుగుకు మొదలుపెట్టి. ఇక్కడికి వచ్చాక మళ్లీ మొదలుపెడదాం అనుకుందట. నేను చెన్నైకి బండి తీసే టైమూ అదే. పిల్లల దగ్గర ఎవరుంటారని మానేసింది. నాకు చెప్పలేదేం అంటే, "నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అంది.

ముంబై ఈ ఏడాదికి లేదు. చెన్నై నెలకు ఒకటి, జూలైలో హైదరాబాద్ ఉంటుంది. ఫౌజీ అన్నా, ఉగాది దాకా ఆగకుండా నిన్ననే క్యాలెండర్ దింపాం, ఈ నెలలో ఖాళీలు చూస్తే నాకు దొరికింది ఒక్క రోజే, అది కూడా వాన పడే టైము.

వచ్చే ఆదివారం ఆమె కొండకు, నేను ఇంట్లో. అదే రోజు అనంతపురం నుంచి మా పిన్నమ్మ వాళ్లు ఆరుగురు దిగుతున్నారు, టికెట్లు లేవు. టోకెన్ల సంగతి నేను చూసుకుంటా. ఆరుగురికి సాంబారుకు కందిపప్పు ఎంత వేయాల?

పేరెందుకు లెండి:

ఆరుగురికి గ్లాసు. మీరు, పిల్లలు, కొండ దిగొచ్చే ఆమె కూడా తినాలి కదా, గ్లాసున్నర వేయండి. చింతపండు ముందే నానబెట్టుకోండి, ఆఖర్న వెతుక్కోకుండా.