గ్లాస్గోకి రెయిన్ జాకెట్: లోపల ఉడికిపోకుండా ఏది కొనాలి?

పటమట, విజయవాడ నుంచి:

అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో చదువుకి గ్లాస్గో వస్తున్నాను. రూము నుంచి యూనివర్సిటీకి అరగంట నడక. వీకెండ్స్ కొండలెక్కే బ్యాచ్‌తో వెళ్దామని ఆశ. అమ్మ బీసెంట్ రోడ్డులో దూది లైనింగ్ ఉన్న వాటర్‌ప్రూఫ్ కోటు కొంది. వేసుకుని మేడమెట్లు ఎక్కి దిగేసరికి చొక్కా తడిసి ముద్దయింది. లేబుల్ మీద 10,000/10,000 అని ఉంది. ఇంతకంటే పెద్ద అంకె ఉన్నది తీసుకుంటే చెమట పట్టదా? బిల్లు ఉంది, మార్చుకోవచ్చు.

బ్రాడీపేట, గుంటూరు (ఇప్పుడు గ్లాస్గో):

తమ్ముడూ, అసలు ఆ పరీక్షే చెల్లదు. జాకెట్ లోపలి పొరలోంచి చెమట ఆవిరి బయటికి పోవాలంటే లోపలికన్నా బయట చల్లగా, పొడిగా ఉండాలి. ఆగస్టులో విజయవాడ గాలిలో ఆ తేడా ఎక్కడుంది? అక్కడ గోర్‌టెక్స్ లాంటి ఖరీదైన పొర ఉన్న జాకెట్ వేసుకున్నా నీ గతి అంతే.

ఇక అంకెల సంగతి. మొదటి 10,000 మిల్లీమీటర్లు, అంటే పది మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని గుడ్డ ఆపుతుందని. నీకది చాలు. రెండోది చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందో చెబుతుంది. 24తో భాగిస్తే గంటకి నాలుగు వందల చిల్లర గ్రాములు. అదీ ల్యాబ్‌లో. కొండెక్కేటప్పుడు గంటకి లీటరు చెమట పట్టే మనుషులున్నారు. కాబట్టి 20,000 అని రాసి ఉన్నా, గబగబా ఎక్కితే లోపల తడి తప్పదు. అంకె కోసం డబ్బు పోయకు, జిప్పుల కోసం పొయ్. చంకల కింద పొడుగాటి జిప్పులు ఉన్న జాకెట్ చూడు. వానలో కూడా అవి తీసి నడవచ్చు. నా లెక్కలో ఖరీదైన పొర కంటే అవే ఎక్కువ పని చేస్తాయి.

దూది లైనింగ్ మాత్రం వద్దేవద్దు. ఇక్కడ ఏడాదికి పడే వాన మొత్తం మన విజయవాడ వాన కంటే మరీ ఎక్కువేం కాదు. కాకపోతే మనకి నాలుగైదు నెలల్లో కుమ్మరించేది ఇక్కడ ఏడాదంతా తుంపర్లుగా, గాలితో కలిసి పడుతుంది. గొడుగు తిరగబడుతుంది. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, మళ్ళీ వాన. లైనింగ్ కుట్టేసి ఉంటే వేడెక్కినప్పుడు ఏం తీస్తావు? పైన పల్చటి షెల్ (లైనింగ్ లేని వాన జాకెట్), లోపల విడిగా ఫ్లీస్ (మెత్తటి, తేలికైన స్వెటర్ లాంటిది), దాని కింద చెమట త్వరగా ఆరే డ్రైఫిట్ టీషర్ట్. కాటన్ మాత్రం వద్దు. పత్తి పండించే గుంటూరు జిల్లా దాన్ని, నేనే ఈ మాట చెప్పాల్సి వస్తోంది. కాటన్ చెమటని పీల్చుకుని వదలదు, ఆగగానే వీపు మంచుగడ్డలా ఉంటుంది.

బెన్ లోమండ్ అని దగ్గర్లో కొండ ఉంది, 974 మీటర్లు. కింద చెమటలు, పైన వణుకు. బయల్దేరేటప్పుడే ఫ్లీస్ తీసి బ్యాగులో పెట్టుకో. మొదటి పది నిమిషాలు కాస్త చలేస్తే సరిగ్గా వేసుకున్నట్టే. పైకెళ్ళి ఆగాక ఫ్లీస్ వేసుకో.

ఇంకోటి. కొత్త జాకెట్ మీద నీటిబొట్లు ముత్యాల్లా జారిపోతాయి. కొన్నాళ్ళకి ఆ పూత తగ్గి పై గుడ్డ నీళ్లు తాగుతుంది, అప్పుడు ఆవిరి బయటికి పోదు. లోపల తడిగా ఉంటే కారుతోందనుకుని పారేస్తారు జనం. అది చాలాసార్లు సొంత చెమటే. మామూలు సర్ఫ్, కంఫర్ట్ వాడకు. నిక్‌వాక్స్ టెక్‌వాష్ లాంటివి దొరుకుతాయి, వాటితో ఉతుకు. లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద తిప్పితే పూత కొంత తిరిగొస్తుంది.

గవర్నర్‌పేట, విజయవాడ (ఇప్పుడు ఎడిన్‌బరా):

అక్క చెప్పింది కరెక్టే గానీ, రోజూ క్లాసుకి అరగంట నడిచేవాడికి ఇంత అక్కర్లేదండి. డెకాథ్లాన్‌లో మామూలు షెల్ చాలు. సైకిల్ తొక్కితే నేనైతే కేప్ (భుజాల మీంచి కప్పుకునే చేతుల్లేని రెయిన్‌కోటు) అంటాను. కింద తెరిచి ఉంటుంది, గాలి ఆడుతుంది. ఎదురుగాలికి తెరచాపలా లాగుతుంది, అది నిజం. కొనేటప్పుడు మాత్రం ఫ్లీస్ వేసుకుని, దాని మీద జాకెట్ తొడిగి చూడండి. చేతులెత్తితే నడుము పైకి లేవకూడదు. తల తిప్పితే హుడ్ కూడా తిరగాలి, లేకపోతే రోడ్డు దాటేటప్పుడు ఒక పక్క కనపడదు.

పటమట, విజయవాడ నుంచి:

థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. అయితే జాకెట్ ఇక్కడే కొనుక్కురానా, అక్కడికొచ్చి కొననా? అమ్మకి ఒకటే టెన్షన్, ఎయిర్‌పోర్టులో దిగగానే తడుస్తానని.

బ్రాడీపేట, గుంటూరు:

ఇక్కడికొచ్చే కొనుక్కో. సెప్టెంబర్‌లో ఇంకా గడ్డకట్టే చలి ఉండదు, ఒకటి రెండు రోజులు ఆగొచ్చు. టీకే మ్యాక్స్ అనే డిస్కౌంట్ షాపులో, జనం ఇచ్చేసిన వస్తువులు అమ్మే చారిటీ షాపుల్లో మంచి షెల్‌లు సగం ధరకే దొరుకుతాయి. సెకండ్ హ్యాండ్ అయితే లోపల కుట్ల మీద అతికించిన టేపు ఊడిందేమో చూసుకో, ఊడితే ముట్టుకోకు. దిగిన రోజుకి మడతపెట్టి జేబులో పెట్టుకునే చౌక రెయిన్‌కోటు ఒకటి చాలని అమ్మతో చెప్పు. అక్కడి నుంచి డ్రైఫిట్ టీషర్ట్‌లు నాలుగు, ఒక ఫ్లీస్ తెచ్చుకో. ఆ కోటు తిరిగి ఇచ్చెయ్, సూట్‌కేసులో అది ఆక్రమించే చోట పచ్చళ్ళు పడతాయి.