అప్‌డేట్: ఓర్పా నవల ఎంతవరకు వచ్చిందంటే

బైబిలులోని రూతు గ్రంథం ఆధారంగా నవల రాస్తూ, లేఖనంలో లేని మాటలను పాత్రల నోట పలికించవచ్చా అని గతంలో అడిగాను. లేఖనం చెప్పినదాన్ని మార్చకుండా, అది మౌనంగా ఉన్నచోటనే ఊహించమని పలువురు ఇచ్చిన సలహానే పాటించాను. నయోమి ఇద్దరు కోడళ్లలో రూతు ఒకరు, ఓర్పా మరొకరు. 1:14లో అత్తను ముద్దుపెట్టుకున్న ఓర్పా, తన జనుల వద్దకు తిరిగి వెళ్లిందని తర్వాతి వచనంలో నయోమి అనడమే తప్ప, ఆ తర్వాత ఎక్కడా కనిపించదు. ఆమెను నిందించే మాట కూడా ఆ నాలుగు అధ్యాయాల్లో లేదు. అందుకే ఆమెనే కథానాయికను చేశాను.

కథను అనంతపురం జిల్లాకు మార్చమన్న సూచనను మాత్రం పక్కన పెట్టాను. పొలం ఓరన పంటను పేదలకు, పరదేశులకు విడిచిపెట్టమని లేవీయకాండము 19:9-10 ఆజ్ఞాపించింది గనుకనే నయోమి భర్త బంధువైన బోయజు చేనిలో రూతుకు పరిగె (కోత తర్వాత మిగిలిన కంకులు) దొరికింది. ఆ ధర్మశాస్త్రం లేని ఊరిలో కథ నిలవదు. అయితే కళ్యాణదుర్గం వైపు వేరుశనగ పీకిన చేలలో ఆడవాళ్లు కొంగు నడుముకు దోపుకొని, గట్టిపడిన ఎర్రమట్టిని పుల్లతో గెలికి మిగిలిన కాయలు ఏరడం చూస్తూ పెరిగాను కాబట్టి, యవల చేనిలో రూతు నడుం వంచే దృశ్యం (ఓర్పా దాన్ని ఊహించుకుంటుంది) సులువుగానే వచ్చింది. దేవుడు ఓర్పాతో కలలో మాట్లాడే ఘట్టం ఉండాలని మా సంఘపెద్ద ఒకరు పట్టుబట్టారు గానీ, రూతు గ్రంథంలోనే ఆయన ఎవరితోనూ నేరుగా మాట్లాడడు గనుక నేను ఒప్పుకోలేదు. ఇది కల్పన అని ముందుమాటలో స్పష్టంగా రాశాను. చివరి అధ్యాయం ఇంకా మిగిలి ఉంది.