పాత టేప్‌రికార్డర్ బ్రాండ్ పేరుతోని వస్తున్న 15 ఇంచుల స్పీకర్లు మైక్ సెట్‌కి పనికొస్తయా?

దేవరకొండ టెంట్‌హౌస్:
అన్నలూ, జెర సలహా కావాలె. మాది దేవరకొండ దగ్గర ఊరు, నాయిన పెట్టిన టెంట్ హౌస్, మైక్ సెట్ ఇప్పుడు నేనే చూసుకుంటున్న. ఉన్నదల్లా అహూజా ఆంప్లిఫయర్, రెండు హారన్లు, రెండు కాలమ్ బాక్సులు (నిలువు స్పీకర్ డబ్బాలు). అనౌన్స్‌మెంట్‌కి, భజనకి అవి చాలు గానీ ఇప్పుడు హల్దీ, ఇర్వయ్యొక్కటి, బతుకమ్మ ఏదైనా సరే పాట మంచిగ బేస్‌తోని రావాలంటున్నరు, లేకపోతే కిరాయి వేరేటోళ్లకు పోతుంది. కోఠిల ఒక దుకాణంల 15 ఇంచుల యాక్టివ్ (లోపలే ఆంప్లిఫయర్ ఉన్న) స్పీకర్లు జత 22,000కి చూపించిన్రు, డబ్బా మీద 1000 వాట్స్ అని ఉంది. బ్యాటరీ ఉన్న ట్రాలీ మోడల్ గూడ ఉంది. బ్రాండ్ పేరు నాయినకు బాగ తెలుసు, ఆయన కాలంల బొంబాయికి పనికి పోయినోళ్లు ఆ టేప్‌రికార్డర్ తెచ్చుకుంటే ఊర్లె అందరు వచ్చి చూసేదంట, అందుకే పేరు వినంగనే తీస్కో అంటున్నడు. నాకేమో అంత పెద్ద పేరు ఇంత తక్కువకు ఎట్ల వస్తదని డౌట్. పెద్ద డీజే కాదు, 200, 300 మంది ఫంక్షన్లే. ఏమంటరు?

నల్గొండ రిపేర్ బెంచ్:
తమ్మీ నేను నల్గొండల ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్త. పేరు సంగతి తర్వాత, ముందు డెమో పీస్ ముందర జాలి విప్పి చూపియ్యమను. ఊఫర్ (బేస్ ఇచ్చే పెద్ద స్పీకర్) ఫ్రేమ్ రేకుదా, పోతపోసిన అల్యూమినియందా చూడు, మాగ్నెట్ ఎంతుందో చూడు, వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగ చుట్ట) ఎన్ని ఇంచులో అడుగు. రెండున్నర, మూడు ఇంచుల కాయిల్ వేడి తట్టుకుంటది, ఇంచున్నర కాయిల్ పెట్టిన 15 ఇంచుల ఊఫర్ మీద ఎన్ని వాట్లు రాసినా పెండ్లిల రాత్రంత వాయిస్తే మాడిపోతది. హారన్ ఎనక డయాఫ్రం (సన్న సౌండ్ పుట్టించే పల్చటి పొర) ఉన్న కంప్రెషన్ డ్రైవర్ ఉందా, లేక అగ్గువ రకం పైజో ట్వీటర్ (సన్న సౌండ్ స్పీకర్) పెట్టిన్రా అనేది గూడ ముఖ్యం.

ఈ మధ్య నా దగ్గరికి ఇసొంటి పాత పేరు పెట్టిన బాక్స్ ఒకటి వచ్చింది, పైన లోగో మెరుస్తుంది, లోపల బేస్‌ని, సన్న సౌండ్‌ని విడదీసే క్రాస్‌ఓవర్ బోర్డే లేదు, ట్వీటర్ వైర్‌కి ఒక్క చిన్న కెపాసిటర్ కట్టి దాన్ని గ్లూతోని ఊఫర్ ఫ్రేమ్‌కి అతికించి వదిలేసిన్రు. కోన్ రెండు చేతులతోని మెల్లగ నొక్కితే గరగర రుద్దుకుంటుంది, కాయిల్ కాలి గోధుమరంగైంది. దాని కొలతకు సరిపోయే రీకోనింగ్ కిట్ (కొత్త కోన్, కాయిల్ సామాను) నల్గొండల లేదు, కోఠిల గూడ దొరకలే, ఆఖరికి వేరే ఊఫర్ వేసి పంపిన. మన మైక్ సెట్టోళ్లకు ఇదే పెద్ద దెబ్బ, పొద్దున పోయిన స్పీకర్ సాయంత్రం లగ్గానికి మోగాలె కదా, స్పేర్ దొరకని బాక్స్ ఎంత అగ్గువకొచ్చినా నష్టమే.

పాలమూరు ఆడియో:
పేర్ల గురించి నేను చెప్త. బ్లౌపుంక్ట్ 1924ల బెర్లిన్ల మొదలైంది, 1933ల బాష్ తీసుకుంది, 2008 చివర్ల అమ్మేసింది, ఆ తర్వాత బ్లౌపుంక్ట్ కంపెనీయే దివాలా తీసి 2016ల మూతపడ్డది, ఇప్పుడు ఆ పేరు లైసెన్స్ మీద ఒక్కో దేశంల ఒక్కొక్కరు వాడుకుంటున్నరు. ఆల్టెక్ లాన్సింగ్ అంటే ఒకప్పుడు అమెరికా సినిమా హాళ్ల స్పీకర్లు, అండ్ల పనిచేసిన జేమ్స్ లాన్సింగ్ 1946ల బయటికొచ్చి పెట్టిందే జేబీఎల్, ఆల్టెక్ పేరు మాత్రం చేతులు మారి మారి కంప్యూటర్ స్పీకర్ల మీదికి, బ్లూటూత్ స్పీకర్ల మీదికి వచ్చింది. ఐవాని సోనీ 2006ల ఆపేస్తే 2017ల ఇంకో జపాన్ కంపెనీ ఆ పేరు తీసుకొని మళ్ల తెచ్చింది. ఇవన్ని బాగలేవని నేనంటలేను, నాయిన నమ్మిన ఆ ఇంజినీర్లు, ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేవు అంతే. డబ్బా మీద తయారుచేసినోళ్ల పేరు గాని దిగుమతి చేసినోళ్ల పేరు గాని అడ్రస్‌తోని ఉండాలె, కస్టమర్ కేర్ నంబర్ ఉండాలె, అది రూల్. నువ్వు కొనేది ఆ అడ్రస్ దగ్గర, లోగో దగ్గర కాదు.

ఇగ 1000 వాట్స్ సంగతి. అది పీక్ (ఒక్క క్షణం వచ్చే పవర్) అయితే మామూలు లెక్కల ఆర్‌ఎంఎస్ (ఆగకుండ ఇచ్చే పవర్) అండ్ల నాలుగో వంతు, అంటే 250. స్పీకర్ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంల వచ్చే సౌండ్) 95 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) అనుకో, 250 వాట్లకి ఒక మీటర్ దూరంల 119 డీబీ వస్తది, దూరం డబుల్ అయినప్పుడల్లా 6 డీబీ పడిపోతది కాబట్టి ఖాళీ జాగల 16 మీటర్ల దగ్గర 95 డీబీ. 500 వాట్ల బాక్స్ తెచ్చినా పెరిగేది 3 డీబీయే. అదే 98 డీబీ సెన్సిటివిటీ ఉన్న బాక్స్ అయితే 125 వాట్లతోనే అంత సౌండ్ ఇస్తది. అందుకే దుకాణంల వాట్లు కాదు, సెన్సిటివిటీ అడుగు, చెప్పలేకపోతే అక్కడనే అర్థమైతది.

మిర్యాలగూడ ఈవెంట్స్:
నేను ఒక పాత పేరుతోని వచ్చిన జతే వాడుతున్న బ్రో, చిన్న హాల్ల, స్కూల్ యానివల్ డేలకి మంచిగనే పనిచేస్తున్నయి, కాబట్టి పాత పేరు పెట్టిన ప్రతిదీ డబ్బానే అనకండి. కాకపోతే నేను ఫుల్ వాల్యూమ్ పెట్టను, క్లిప్ లైట్ (సౌండ్ మోతాదు దాటిందని చూపేది) ఎర్రగ ఎలిగితే తగ్గిస్త, జనరేటర్ మీద వోల్టేజ్ ఊగుతుంటది కాబట్టి స్టెబిలైజర్ లేనిదే ప్లగ్ పెట్టను. ట్రాలీ మోడల్ మాత్రం వద్దు, అండ్ల సాధారణంగ ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే మొత్తం 84 వాట్ అవర్లు (84 వాట్లు ఒక్క గంట వచ్చేంత కరెంటు), దాంతోని 1000 వాట్స్ ఎట్లొస్తది చెప్పు. ఇంకోటి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక లౌడ్ స్పీకర్ పెట్టొద్దని 2000 సంవత్సరంల వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్‌ల ఉంది, పోలీసోళ్లు వచ్చి సెట్ ఎత్తుకపోతే కిరాయి గూడ రాదు, పార్టీకి ముందే చెప్పుకో.

దేవరకొండ టెంట్‌హౌస్:
అందరికి చాలా థాంక్స్ అన్నా. మళ్ల పోయి డబ్బా తిప్పి చూసిన, దిగుమతి చేసినోళ్ల అడ్రస్ ఢిల్లీది, ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే మన దిక్కు సర్వీస్ సెంటర్ లేదు, రిపేర్‌కి కొరియర్ చేయాలన్నరు. డయాఫ్రం విడిగ అమ్మరంట. సెన్సిటివిటీ అడిగితే దుకాణపాయన మాట మార్చి బ్లూటూత్, రిమోట్ గురించి చెప్పిండు. నాయినకు గూడ ఇది చెప్పిన, జెర సేపు ఏం అనలే, తర్వాత స్పేర్ దొరికేదే చూడు అన్నడు. ఆ పైసలకే స్పేర్ దొరికే 12 ఇంచుల జత వస్తుంది, అది చాలుతదా? పాత ఆంప్లిఫయర్ గూడ వాడుకోవచ్చా?

నల్గొండ రిపేర్ బెంచ్:
300 మందికి 12 ఇంచులు చాలు తమ్మీ, డాన్స్ బేస్ కావాలన్నప్పుడు ఒక సబ్ ఊఫర్ కిరాయికి తెచ్చుకో. స్టాండ్ మీద పెట్టి హారన్ జనాల తలకాయల కంటే పైకి ఉండేటట్టు చూడు, మైక్ ఎప్పుడు స్పీకర్‌కి ఎనకనే ఉండాలె, లేకపోతే కూ అని అరుస్తది. నీ అహూజా హారన్లకు అట్లనే ఉండనియ్యి. ఆ ఆంప్లిఫయర్ 100 వోల్ట్ టెర్మినల్‌కి (హారన్లు కలిపే ఎక్కువ వోల్టేజ్ లైన్) మాత్రం ఈ కొత్త బాక్సులు ఎప్పుడూ కలపకు, యాక్టివ్ బాక్స్ అయితే లైన్ అవుట్ (ఇంకో ఆంప్లిఫయర్‌కి పంపే చిన్న సిగ్నల్) నుంచి వైర్ తీసి బాక్స్ ఇన్‌పుట్‌ల పెట్టు. బిల్లు మీద రెండు సీరియల్ నంబర్లు, వారంటీ ఎన్ని నెలలు, కాయిల్ కాలితే వారంటీల వస్తదా రాదా అనేది దుకాణపాయనతోనే రాయించుకో. డయాఫ్రం ఒకటి ఇప్పుడే ఎక్స్‌ట్రా కొని పెట్టుకో.