త్రిభుజ వైశాల్యం: పదో తరగతి పిల్లలకు సూత్రం నేర్పాలా, గ్రాఫ్ గీయించాలా?

ఆదోని ట్యూషన్ మాస్టారు:
మా పిల్లలకు ఈ లెక్క ఇచ్చాను. (-2, 3), (4, -1), (2, 5) శీర్షాలుగా ఉన్న త్రిభుజం వైశాల్యం ఎంత? సూత్రం, ½[x₁(y₂ - y₃) + x₂(y₃ - y₁) + x₃(y₁ - y₂)], అందరికీ నోటికి వచ్చు. "ఎక్స్ వన్ ఇంటూ వై టూ మైనస్ వై త్రీ" అంటూ గడగడా అప్పజెప్తారు. అయినా చాలామందికి 12 వచ్చింది. సరైన జవాబు 14. నోటుబుక్కులు తిరగేస్తే, 2 × (3 - (-1)) దగ్గర ఒక మైనస్ మింగేసి 2 × 2 = 4 వేశారు. 12 + 8 + 8 కావాల్సింది 12 + 8 + 4 అయింది. సగం చేసి 12 అని గీత కొట్టేశారు. తప్పేమో అన్న అనుమానం కూడా ఎవరికీ రాలేదు.

గ్రాఫ్ కాగితం ఇచ్చి త్రిభుజం చుట్టూ పెట్టె గీయమన్నా. 6 × 6 = 36. బయట మిగిలినవి మూడు లంబకోణ త్రిభుజాలు: 12, 4, 6. 36లోంచి 22 పోతే 14. ఇది చాలదా? 2024-25 నుంచి మన ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆ సూత్రమే లేదు. ఇంకా ఎందుకు రుద్దడం?

అనంతపురం ఇంటర్ లెక్చరర్:
పుస్తకంలో లేని లెక్క మీరెందుకు ఇచ్చారు సార్ మరి? పదిలో తీసేసినా ఇంటర్‌లో నిర్ధారకాల (డిటర్మినెంట్ల) దగ్గర అది మళ్లీ ఎదురవుతుంది.

మీ పెట్టెతో (0, 0), (6, 5), (2, 4) చేయించండి. మూడో శీర్షం పెట్టె అంచు మీద కాకుండా లోపల పడుతుంది. పిల్లవాడు 30లోంచి 15, 4, 2 తీసేసి 9 అంటాడు. ఎడమ పై మూలలో 2 × 1 దీర్ఘచతురస్రం ఒకటి మిగిలిందని చూసుకోడు. జవాబు 7. ఇక నిరూపకాల్లో 7/3 లాంటి భిన్నాలు వస్తే గ్రాఫ్ మీద చుక్క ఎక్కడ పెట్టిస్తారు? ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. పెట్టెలు గీస్తూ కూర్చుంటే అయినట్టే.

ప్రొద్దుటూరు, ఓ అమ్మ:
మా పాప మూడు భుజాల పొడవులతో వైశాల్యం కట్టే హెరాన్ సూత్రంతో మొదలుపెట్టిందండీ. భుజాలు √52, √40, √20 వచ్చాయి. అర్ధ చుట్టుకొలత దగ్గరే ఆగిపోయి ఏడుపు. దయచేసి ఆ దారి మాత్రం ఎవరూ చెప్పకండి.

కడప, రిటైర్డ్ సర్వేయర్:
ఇంత రగడ ఎందుకు నాయనా? ఒక మూల రాయిని, అంటే ఒక శీర్షాన్ని, సున్నా అనుకోండి. మిగతా రెండు రాళ్లు దానికి ఎంత పక్కకు, ఎంత పైకి ఉన్నాయో రాసుకోండి. మాస్టారి లెక్కలో మొదటి శీర్షం నుంచి చూస్తే (6, -4), (4, 2). అడ్డంగా గుణించి తీసేయండి: 6 × 2 - 4 × (-4) = 28. సగం 14. చేను ఎన్ని మూలలున్నా త్రిభుజాలుగా కోసి కొలిచేదే మా పని. కొలతలు గజాల్లో ఉంటే వచ్చినదాన్ని 48.4తో భాగించండి, సెంట్లు వస్తాయి.

ఆదోని ట్యూషన్ మాస్టారు:
సర్వేయర్ గారూ, బాగుంది. కానీ 4 × (-4) దగ్గర మా వాళ్లు మళ్లీ ఆ మైనస్ మింగుతారు కదా! 12 - 16 = -4, సగం చేసి 2 అంటారు.

అనంతపురం ఇంటర్ లెక్చరర్:
అననివ్వండి. 36 గళ్ల పెట్టెలో అంత పెద్ద త్రిభుజం 2 ఎలా అవుతుందని బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. బొమ్మ గీయించండి, కాదనను. అంచనాకు మాత్రమే. జవాబు సర్వేయర్ గారి పద్ధతిలో రాబట్టాలి. మూడు బిందువులూ ఒకే గీత మీద ఉంటే అదే సున్నా అని చెప్పేస్తుంది, సరేఖీయాలకు వేరే పాఠం అక్కర్లేదు.

ఆదోని ట్యూషన్ మాస్టారు:
అంచనాకైనా బొమ్మ కావాలని ఒప్పుకున్నారు కదా, మంచిది. నేను మాత్రం పెట్టె ముందు, సున్నా రాయి తర్వాత. ఆ 2 × 1 ముక్క సంగతి కూడా గీయించే చూపిస్తా.