పోచంపల్లి డిజైను ప్రింటు కొడితే కేసు పడుతుందా? పడాలా?

పడుగుపేక: హైదరాబాద్ కొట్లలో ఏడెనిమిది వందలకే "పోచంపల్లి చీర" దొరుకుతోంది. అంతా పాలిస్టర్ మీద ప్రింటు. చిలకలు, ఏనుగులు, వజ్రం గళ్లు ఒక్కటీ వదల్లేదు. జీఐ (ఊరి పేరుతో సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చి ఇరవై ఏళ్లయింది. అయినా ఎవడిమీదా కేసు పడట్లేదు. నా వాదన ఒక్కటే: డిజైను మాది, దాన్ని ప్రింటు కొట్టడమే నేరం కావాలి.

న్యాయరేఖ: జీఐ కాపాడేది పేరును, ఆ పేరు వెనకున్న ఊరి పనితనాన్ని. చిలక బొమ్మ దాని పరిధిలోకి రాదు. 1999 చట్టం 22వ సెక్షన్ ప్రకారం, సరుకు ఫలానా చోటునుంచి వచ్చిందని కొనేవాళ్లను భ్రమపెడితే ఉల్లంఘన. ప్రింటు చీర మీద "పోచంపల్లి" అని రాసి అమ్మితే దొరికినట్టే. 39వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. అదే చీరను ఊరి పేరు లేకుండా, నేత పద్ధతి పేరుతో "ఇకత్ ప్రింట్" అని అమ్మితే జీఐ ఏమీ చేయలేదు. "పోచంపల్లి స్టైల్" అన్నా కష్టమే. అలా తోక తగిలించినా తప్పే అనే గట్టి రక్షణ, కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన సరుకులకే ఉంటుంది.

జరీఅంచు: ప్రింటో కాదో కొనేవాళ్లకు తెలియకపోవడమే అసలు జబ్బు. కొంగు చివర ఒక పోగు లాగి చూడండి. ఇకత్‌లో నేయకముందే పోగుకు చిటికి కట్టి (రంగు అంటకూడని చోట బిగించి కట్టి) అద్దకం వేస్తారు కాబట్టి రంగు పోగు చుట్టూ, లోపలిదాకా ఉంటుంది. ప్రింటులో అడ్డం పోగు కప్పిన చోటల్లా తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. వెనక వైపు రంగు వెలవెలబోతుంది. బొమ్మ అంచు గీత గీసినట్టు ఉంటే అనుమానించాల్సిందే. అసలు ఇకత్‌లో అంచు కాస్త చెదిరి ఉంటుంది, ఎందుకంటే మగ్గం మీద పోగు కొద్దిగానైనా జరుగుతుంది.

పడుగుపేక: జీఐ సంగతి వదిలేద్దాం. కాపీరైట్ మాటేంటి? గ్రాఫ్ కాగితం మీద గడి గడి నింపి గీసిన బొమ్మకు హక్కు లేదా?

న్యాయరేఖ: కాగితం మీద బొమ్మగా ఉంది. చీర మీదికి ఎక్కాక కథ మారుతుంది. కాపీరైట్ చట్టం 15(2): డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయదగ్గ డిజైనును రిజిస్టర్ చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 కన్నా ఎక్కువ సార్లు వస్తువు మీద దించితే అందులో కాపీరైట్ పోతుంది. ఒక పడుగుకు (మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు పోగులకు) ఏడు చీరలు దిగుతాయనుకుంటే, ఎనిమిదో పడుగుతో 56. అక్కడితో సరి.

కాబట్టి కొత్త డిజైనైతే 2000 నాటి డిజైన్ల చట్టం కింద ముందే దరఖాస్తు పెట్టాలి. ముందే అంటే మొదటి చీర అమ్మకముందు, షాపులకు వాట్సాప్‌లో ఫొటో పంపకముందు. ఒకసారి బయటపడితే కొత్తదనం పోయినట్టే, రిజిస్ట్రేషన్ వచ్చినా అవతలివాడు రద్దు చేయిస్తాడు. వచ్చిన హక్కు పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు. తరాలుగా నేస్తున్న చిలకకు మాత్రం ఈ దారి లేదు.

మగ్గంతమ్ముడు: చేత్తో నేసేది పారిశ్రామిక పద్ధతి ఎట్లయితదన్నా? 50 లెక్క మిల్లులకే వర్తించాలె.

న్యాయరేఖ: డిజైన్ల చట్టంలో నిర్వచనం చూడు తమ్ముడూ. చేతితో గానీ, యంత్రంతో గానీ, రసాయనంతో గానీ అని స్పష్టంగా ఉంది.

మగ్గంతమ్ముడు: అది డిజైన్ల చట్టం నిర్వచనం. 15(2) ఉన్నది కాపీరైట్ చట్టంల. ఆ చట్టంల చేతిపని మాట లేదు. ఒక చట్టం నిర్వచనం తెచ్చి ఇంకో చట్టానికి ఎట్ల తగిలిస్తరు?

న్యాయరేఖ: రిజిస్టర్ చేయదగ్గ డిజైనా కాదా అన్నది తేల్చేదే డిజైన్ల చట్టం. రెంటినీ కలిపి చదవాల్సిందే.

మగ్గంతమ్ముడు: మొదటి సగానికి కలిపి చదువుండ్రి. 50 లెక్కకు కలపొద్దంటున్న.

రంగులరాట్నం: ఆసు యంత్రానికి (చిటికి కట్టేముందు పోగును మేకుల చుట్టూ తిప్పే యంత్రానికి) చింతకింది మల్లేశం గారికి పేటెంట్ వచ్చింది కదా. నేతకు ఎందుకు రాదు?

న్యాయరేఖ: ఆ యంత్రం కొత్తది. చిటికి కట్టడం కొత్తది కాదు.

సూరత్_తెలుగు: మా వైపు మాట కూడా వినండి. సూరత్‌లో మగ్గాల మీద, ప్రింటు మిల్లుల్లో వేలమంది పద్మశాలీలే పనిచేస్తున్నారు. డిజైనుకే కంచె వేయాలంటే మొదట ఇరుక్కునేది పోచంపల్లే. మీరు "పటోలా" అని నేసి అమ్మే చీరల్లో ఏనుగు, చిలక, నాట్యం చేసే అమ్మాయి ఎక్కడివి? గుజరాత్‌లోని పాటన్‌వి. పాటన్ పటోలాకూ జీఐ ఉంది. వాళ్లు మీ మీద కేసు వేస్తే ఏమంటారు?

పడుగుపేక: పాటన్ డిజైను మేం నేస్తున్నాం, ప్రింటు కొట్టట్లేదు. చిటికి కట్టి, అద్దకం వేసి, రోజుల తరబడి మగ్గం మీద కూర్చుంటున్నాం. మీ మిల్లు రోలర్‌తో దాన్ని పోల్చడానికి నోరెలా వచ్చింది?

సూరత్_తెలుగు: కష్టం ఎక్కువైతే హక్కు వస్తుందా? అలాగైతే మీరు అడుగుతున్నది డిజైను మీద హక్కు కాదు. తేలియా రుమాల్ (నూనెలో నానబెట్టిన నూలుతో నేసే ఇకత్ బట్ట) సంగతి తీసుకోండి. పేరు తెచ్చింది చీరాల, 2020లో జీఐ వచ్చింది పుట్టపాకకు. చీరాలవాళ్లు పుట్టపాక మగ్గాలు ఆపమనాలా?

పడుగుపేక: మిల్లుల తరఫున మాట్లాడుతూ చీరాల మీద జాలి చూపించకండి. ప్రింటు వల్ల ఇక్కడ మగ్గాలు మూతపడుతున్నాయి.

జరీఅంచు: ఇద్దరూ కాస్త ఆగండి.

భువనగిరి_సొసైటీ: ఆగడం కాదు, అసలు మాట ఎవరూ ఎత్తట్లేదు. ప్రింటు మిల్లు బేలు మీద "పోచంపల్లి" అని ఉండదు, డిజైన్ నంబరు ఉంటుంది. ఆ పేరు తగిలించేది చిల్లర కొట్టువాడు, ఆన్‌లైన్‌లో అమ్మేవాడు. అంటే న్యాయరేఖ గారు చెప్పిన 22వ సెక్షన్‌కు సరిగ్గా దొరికేది వాళ్లే. కేసుకు డిజైను హక్కు అక్కర్లేదు. చీర కొనాలి, "పోచంపల్లి" అని రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి, లేబుల్ ఊడకుండా, మడత విప్పకుండా సీలు వేయాలి, జిల్లా కోర్టుకు వెళ్లాలి. జీఐ రిజిస్టర్డ్ సొంతదారే కాదు, ఆథరైజ్డ్ యూజర్ (ఆ జీఐ వాడుకోవడానికి పేరు నమోదు చేయించుకున్నవాడు) కూడా దావా వేయవచ్చు.

మరి ఎందుకు వేయట్లేదు? ఆ కొట్లే మన అసలు చీరలు కూడా కొంటున్నాయి. ఒక అరలో మన సరుకు, కింద అరలో ప్రింటు. నోటీసు పంపిన మరుసటి నెల ఆర్డరు ఆగుతుంది, పాత బాకీ కూడా ఆగుతుంది. సొసైటీలు, నూలిచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవర్లు నోరు మెదపకపోవడానికి కారణం ఇది. చట్టంలో లోటు మీద మనం ఇంతసేపు కొట్టుకున్నాం.

పడుగుపేక: అంటే తప్పు మాదేనంటారా? బాకీకి భయపడేవాడిని నిందించడం న్యాయమా?

భువనగిరి_సొసైటీ: భయపడేవాడిని నిందించట్లేదు. బాకీ లేనివాడి చేత వేయించండి అంటున్నాను. ఆథరైజ్డ్ యూజర్‌గా కూలి నేత నేసేవాళ్లు కూడా నమోదు కావచ్చు, 2020 సవరణతో దరఖాస్తు ఫీజు పది రూపాయలకు తగ్గింది. కొట్టుతో లావాదేవీ లేని నేతగాళ్లు పదిమంది కలిసి దావా వేస్తే కొట్టువాడు ఆపడానికి వాళ్ల ఆర్డరు ఏముంది?

మగ్గంతమ్ముడు: కూలి నేసేటోనికి పడుగు, పేక ఇచ్చేదే మాస్టర్ వీవర్ గదన్నా. ఆయన రేపు పడుగు ఇయ్యడు.

న్యాయరేఖ: దానికి దారి ఉంది. జీఐ దరఖాస్తు పెట్టింది నిర్మాతల సంఘం. అది సొంతదారు హోదాలో సంఘం పేరుతోనే దావా వేస్తే ఏ నేతగాడి పేరూ బయటికి రాదు.

భువనగిరి_సొసైటీ: సంఘం పాలకవర్గంలో ఉండేదీ ఆ సరుకు అమ్మేవాళ్లే.

సూరత్_తెలుగు: ఈ మాట మొదట్లోనే వచ్చుంటే నేను పాటన్ ఎత్తేవాణ్ని కాదు.

పడుగుపేక: నేను ఇప్పటికీ ఒప్పుకోను. పేరు తీసేసి అదే చిలకను ప్రింటు కొడితే మాత్రం నష్టం లేదా? కొనేవాళ్లు చూసేది బొమ్మనే, బిల్లును కాదు.

జరీఅంచు: బిల్లు మీద "పోచంపల్లి" అని రాసిన ప్రింటు చీర ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. కొట్టు పేరు ఇక్కడ రాయొద్దు. ముందు లేబుల్, బిల్లు రెండూ ఒకే సరుకువేనా అన్నది చూద్దాం.